కప్పు తట్టి వినెడి చెవి: ఒక సంవాదము

రామగుండము ఉష్ణవిద్యుత్కేంద్రమునకు 1978 నవంబరు 14వ తేదీన నాటి ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసిన పిమ్మట, దాని ఉద్యోగులకై వెలసిన నివాసస్థలమే జ్యోతినగర్. ఆ కేంద్రమున 2,600 మెగావాట్ల విద్యుత్తు పుట్టుటకు ఆహారము గోదావరిఖని పరిసరములందలి సింగరేణి బొగ్గు. పగలనక రాత్రియనక బొగ్గురైళ్లు గనులకును కేంద్రమునకును నడుమ తిరుగుచునే యుండును. కావున ఇచ్చట ఇరుగుపొరుగులైన ఇరువురిలో ఒకడు భూమిపైన దీపము వెలిగించినవాడును, మరియొకడు ఆ దీపమునకై భూగర్భమున చీకటిలో శ్రమించినవాడును అగుట వింత కాదు.

నేను వ్రాయబోవు సంవాదము అట్టి యిరువురి నడుమ జరిగినది. పెద్దవాడు ముప్పది యేండ్లకు పైగా బొగ్గుబాయిలో పనిచేసి, మైనింగ్ సర్దారుగా పదవీవిరమణ పొంది, ఇప్పుడు తన క్రైస్తవసంఘమున పెద్దగా నున్నాడు. చిన్నవాడు విద్యుత్కేంద్రమున ఇంజనీరుగా పనిచేసి విరమించినవాడు. ఏ మతమునందును నిలువని హేతువాది. అయినను ఆ వృద్ధునియందలి గౌరవముచే ఆయనను ‘అన్నా’ అని పిలుచుచు, ఆయన పిలిచినప్పుడు ఆలయమునకును వెళ్లి వెనుక బల్లపై కూర్చుండి వచ్చువాడు. ఒక ఆదివారమున పాదిరిగారు చింతను గూర్చి ప్రసంగించిరి. ఆ సాయంకాలము వేపచెట్టు క్రింది అరుగుమీద వారిరువురును మాటలాడుకొనుచుండగా నేను ప్రక్కన వినువాడనైతిని. వారి మాటలు మన తెలంగాణపు పలుకుబడిలో నడచినవి. వానిని నా వ్రాతభాషలోనికి కుదుర్చుకొనుటలో నుడికారము మారినది గాని వాదము మారలేదు.

ఇంజనీరు: అన్నా, పాదిరిగారి ప్రసంగము శ్రావ్యముగా నుండెను, కాని నాకు అది శాంతికి మారుగా కలతనే కలిగించినది. ఆకాశపక్షులు విత్తకయు కోయకయు బ్రదుకుచున్నవి గనుక మనుష్యుడు రేపటిని గూర్చి చింత విడువవలెనని ఆయన చెప్పుచుండగా, నా ముందరి బల్లలపై తలలూపుచున్నవారిలో బాయి దిగువారు పలువురు. భయము మనుష్యునకు ప్రకృతి యిచ్చిన కాపలాదారు. మా కేంద్రమున అధికపీడనపు ఆవిరిగొట్టమును చూచి జంకని యువకుని నేనెన్నడును ఒంటరిగా పనికి పంపలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు చొచ్చి 17 మంది ప్రాణములు తీసినది. సరిగా నాలుగు మాసములకు, అక్టోబరు 16న, 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది మరణించిరి. అట్టి నేలమీద నిలిచి భయపడకుమని బోధించుట దయ యగునా?

సర్దారు: తమ్ముడా, ఆ దినములు నాకు అంకెలుగా గాక ముఖములుగా జ్ఞాపకమున్నవి. నీవు భయమును కాపలాదారంటివి; ఒప్పుకొందును. కాని వాకిట మెలకువతో నిలిచిన కాపలాదారునకును, రాత్రియంతయు తలుపులు బాది ఇంటివారిని నిద్రపోనీయని వానికిని భేదము లేదా? మొదటివాడు జాగ్రత్త; రెండవవాడు చింత. బాయిలో సర్దారు చేయవలసిన మొదటి పని యేదో నీకు తెలియును: కూలీలు పనిస్థలమునకు రాకమునుపే తాను ముందు వెళ్లి, కప్పును కర్రతో తట్టి వినుట. గట్టి కప్పు ఖంగున మ్రోగును. పొర విడిన కప్పు డొల్లగా పలుకును. ఒక్కొకప్పుడు ఆ రెండు ధ్వనులకు నడుమ భేదము వెండ్రుకవాసి మాత్రమే. ఇంటివద్ద బిడ్డ జ్వరము, అప్పులవాని మాట, రాబోవు పెండ్లి ఖర్చు, ఇవన్నియు తలలో మ్రోగుచుండగా దిగినవానికి ఆ వెండ్రుకవాసి తెలియదు. వాడు తట్టును గాని వినడు. చింత మనలను ప్రమాదమునుండి కాపాడునని నీవు తలచుచున్నావు. నా అనుభవమున చెవిని మూయునది చింతయే. ప్రభువు రేపటి భారమును దింపుకొమ్మన్నది నేటి ధ్వని మనకు వినబడుటకు. ఇక పక్షుల మాట: రెక్కలు వచ్చిన పక్షి యేదియు గూటిలో కూర్చుండి ఆహారమునకు ఎదురుచూడదు, తెలతెలవారక మునుపే బయలుదేరును. అది పని చేయును, రేపటికొరకు కుములదు. అంతియే ఆ వాక్యభావము.

ఇంజనీరు: మీవంటి సర్దారు చేతిలో ఆ భావము క్షేమకరమే. కాని దేవుడు చూచుకొనునని చెప్పి, ఊతము లేని కప్పు క్రిందికి దూరిన భక్తులు లేరా?

సర్దారు: ఉన్నారు, అట్టివానిని ఒకని నేనే బయటికి పంపితిని. అతడు మా సంఘమువాడే. ప్రాపు నిలుపక మునుపే లోపలికి పోయి, ఇదేమని అడిగిన నాతో ప్రార్థన చేసికొని వచ్చితిననెను. నేనతనికి శోధన కథను జ్ఞప్తికి తెచ్చితిని. అపవాది ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలిపి, దూతలు చేతులతో ఎత్తుకొందురు గనుక క్రిందికి దుముకుమన్నప్పుడు, ఆయన దుమికెనా? దేవుని శోధింపరాదని చెప్పి ఆ పిలుపును త్రోసివేసెను. ఊతము లేని కప్పు క్రిందికి ప్రార్థన చేసికొని పోవుట ఆ శిఖరమునుండి దుముకుటయే. అతడు కొన్ని ఆదివారములు నాతో మాటలాడలేదు. పిమ్మట తానే వచ్చి నా ప్రక్కన కూర్చుండెను.

ఇంజనీరు: అయినచో నా అసలు ప్రశ్న అడుగుదును. మైసమ్మకు మ్రొక్కి దిగువారు, అల్లాను తలచి దిగువారు, యేసు నామమును జపించుచు దిగువారు, దేనిని నమ్మక దిగువారు అందరును ఒకే బాయిలో నున్నారు. నీరు చొచ్చునప్పుడు ఎవని దేవుడెవరని అడుగదు. ఆ గనులలో పోయినవారి ఇండ్లలో ప్రార్థనలు జరుగలేదా? కాపాడని కాపరిని నమ్ముకొని భయము విడుచుట ఎట్లు?

సర్దారు (చాలసేపు మౌనముగా నుండి): ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినట్లు మాటలాడువానిని నేను నమ్మను. వారు ఏల పోయిరో నాకు తెలియదు. తెలిసినది ఒక్కటి: విశ్వాసము బీమాపత్రము కాదు. ప్రభువు తన శిష్యులకు కష్టము రాదని మాట యియ్యలేదు. తానే గెత్సేమనే తోటలో, మరునాటి మరణమును తలచి, చెమట రక్తబిందువులవలె రాలునంతగా వేదనపడెను, ఆ పాత్ర తనయొద్దనుండి తొలగవలెనని వేడుకొనెను, అది తొలగలేదు. భయము పాపమైనచో ఆ తోటలోని ప్రార్థనకు సువార్తలో చోటుండునా? భయము తెలియని దేవుడైనచో, భయపడినవాని యొద్ద కూర్చుండుట ఆయనకు తెలియునా?

నా సంగతి యొకటి వినుము. ఒకనాడు నాకు ఐదారడుగుల దూరమున కప్పు దిగినది. నా తోటివాడు నా కండ్లముందు పోయెను. పిమ్మట మూడు మాసములు నేను దినమును లాంప్ రూము వరకు పోయి, దీపము కట్టుకొని, బాయి గడపయొద్ద కాళ్లు కదలక వెనుకకు తిరిగి వచ్చితిని. పెద్దలు కొందరు వచ్చి నాలో విశ్వాసము కొరవడినదనిరి. ఆ మాట నన్ను కప్పుకంటె బరువుగా నొక్కెను. ఒక ముసలమ్మ మాత్రము, ఆమె భర్తయు పూర్వము బాయిలోనే పోయినవాడు, దినమును గట్క గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, నేను తినువరకు కూర్చుండెడిది. ఆమెకు చదువు లేదు. ఇరువది మూడవ కీర్తన నోటికి వచ్చును. ఆమె దానిని పదే పదే చెప్పుచుండగా నాకొక సంగతి తోచినది. ఆ కీర్తనకారుడు పచ్చికబయళ్లలోను, శాంతజలముల చెంతను నున్నప్పుడు దేవుని గూర్చి ‘ఆయన’ అని చెప్పుచున్నాడు. గాఢాంధకారపు లోయలో అడుగిడినంతనే ‘నీవు’ అని పిలుచుచున్నాడు. లోయ తొలగలేదు. దేవుని గూర్చిన మాట దేవునితోడి మాటగా మారినది. మరునాడు గడపయొద్ద నేను దేవుని గూర్చి తలచుట మాని, ఆయనతో మాటలాడితిని. కాళ్లు వణకుచునే యుండినవి, వణకుచునే దిగితిని.

ఇంజనీరు: అన్నా, మిమ్ము దింపినది కీర్తన యగునో, ఆ తల్లి గట్క గిన్నె యగునో చెప్పుట కష్టము.

సర్దారు: నేనును ఆ రెండింటిని వేరుచేయలేను, వేరుచేయవలెనని నాకు లేదు. ఏలీయా ప్రవక్త కథ చూడుము. అంతటి మహావీరుడు ఒక స్త్రీ బెదిరింపునకు జడిసి అరణ్యమునకు పారిపోయి, ఒక చెట్టు క్రింద కూలబడి, తన ప్రాణము తీసివేయుమని దేవుని వేడెను. దేవుడు ఆయనకు ప్రసంగము చేయలేదు, గద్దింపలేదు, నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును పంపెను, తిరిగి నిద్రపోనిచ్చెను. ప్రయాణము బహుదూరమని ఆ దూత ఎరిగియుండెను. నాయొద్దకు వచ్చిన పెద్దలకు ఆ అధ్యాయము తెలియనట్లున్నది. ఆ ముసలమ్మకు చదువకయే తెలిసినది. కావున నేడు సంఘమున ఎవరికైనను చింత ముదిరి నిద్రాహారములు దూరమైనచో, వారిని వైద్యునియొద్దకు తీసికొనిపొమ్మనియే నేను చెప్పుదును. మందునకును ప్రార్థనకును వైరము కల్పించుట మనుష్యుల పని. రొట్టె పంపిన దేవుని పని కాదు.

ఇంజనీరు: మీ దయకు నమస్కరించుచున్నాను. కాని మరియొక ఆక్షేపణ మిగిలియున్నది, అది నా హృదయమునకు దగ్గరిది. శాంతి బోధించు మతము అన్యాయమునకు మెత్తని పరుపు పరచును. ఊతము చాలదని, గాలి చాలదని నోరెత్తవలసినవాడు మోకాళ్లూని తృప్తిపడును. కార్మికుని రక్షించినది చట్టము, శాస్త్రము, సంఘటిత పోరాటము. బాయిలో ప్రేలుడు తప్పించు డేవీ దీపమును కనుగొన్నది విజ్ఞానము గాని భక్తి కాదు గదా!

సర్దారు: మంచి పేరే యెత్తితివి. ఆ దీపము వెనుక నున్న పాదిరి సంగతి నీకు తెలియునా? 1812 మే 25న ఉత్తర ఇంగ్లండునందలి ఫెల్లింగ్ గనిలో వాయువు ప్రేలి బాలురతో సహా 92 మంది చనిపోయిరి. వారిని సమాధి చేసిన పాదిరి జాన్ హాడ్జ్‌సన్. ఆయన శవసంస్కార ప్రసంగము చేసి ఊరకుండలేదు. ప్రమాదముల సంగతి బయటపడుట గనుల యజమానులకు రుచింపని ఆ కాలమున, దుర్ఘటన వృత్తాంతమంతయు అచ్చువేయించెను. ప్రమాదములను నివారించు మార్గము వెదకుటకు ఏర్పడిన సమాజమునకు తోడ్పడెను. 1815లో హంఫ్రీ డేవీ గనుల ప్రాంతమునకు వచ్చినప్పుడు ఆయనతో మాటలాడినవారిలో ఈ పాదిరి యొకడు. మరుసటి జనవరిలో హెబ్బర్న్ గనిలోనికి ఆ క్రొత్త దీపమును తీసికొని దిగినవాడును ఆయనయే. గనిలో ఇంకను పరీక్షింపబడని దీపమును చేతబట్టి ప్రేలుడువాయువు నడుమకు పోవుట భయములేమి యనుకొందువా? నాకు తోచినంతలో, అంతమందిని పాతిపెట్టిన చేయి మరియొకనిని పాతిపెట్టకుండుటకై తన భయమును ప్రక్కకు నెట్టుకొనినది. ప్రేమ నిండినచోట భయమునకు చోటు చాలదని యోహాను చెప్పినది ఇట్టిదానినే.

ఇంజనీరు: ఆ పాదిరి సంగతి నేను చదువలేదు. ఒకడు గొప్పవాడైనంత మాత్రమున మతమంతయు అట్టిదని చెప్పలేము గాని, నా మాటను కొంత సవరించుకొందును.

సర్దారు: మన కరీంనగరు సీమకు సువార్త తెచ్చిన వెస్లియను మిషనరీల మూలపురుషుని కథయు వినుము. జాన్ వెస్లీ యువ పురోహితుడై 1736లో ఓడపై అమెరికాకు పోవుచుండగా తుపాను లేచి తెరచాప చినిగినది. ఇంగ్లీషువారు కేకలువేయుచుండగా జర్మను మొరేవియను కుటుంబములు, స్త్రీలు పిల్లలు సహితము, తమ కీర్తనను ఆపక పాడిరి. ఇతరులకు బోధింప బయలుదేరిన వెస్లీ, తనకు చావు భయము తీరలేదని ఆ ఓడలో గ్రహించి, ఆ సంగతిని దాచుకొనక తన దినచర్యలో వ్రాసికొనెను. మూడేండ్లకు, 1739లో, ఆయన బ్రిస్టలు చెంత కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికుల నడుమ ఆరుబయట నిలిచి బోధించెను. మంటపములలో పలుకని మాట గనికార్మికుల యెదుట పలికినది. తన భయమును ఒప్పుకొనినవాడే భయపడువారి యొద్దకు పోగలడు. ఆ పరంపరలోనివారమే మేము. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మా సంఘములును అందు కలిసినవి.

ఇంజనీరు (గొంతు తగ్గించి): అన్నా, ఇంతవరకు నేను సభలో మాటలాడినట్లు మాటలాడితిని. ఇప్పుడు ఇంటిమాట చెప్పెదను. నా మేనల్లుడు రెండేండ్లనుండి బాయి దిగుచున్నాడు. వాని తండ్రి ఉద్యోగము వానికి వచ్చినది. సింగరేణిలో 1990ల ఆరంభమున లక్షకు పైబడిన కార్మికుల సంఖ్య ఇప్పుడు నలువది వేల పరిసరములకు దిగినది. ఉపరితల గనులు పెరిగి బాయిలు తగ్గుచున్నవి. అట్టి కాలమున దొరికిన పనిని వదులుకొమ్మని వానికెట్లు చెప్పుదును? వాడు రాత్రి షిఫ్టునకు పోయినప్పుడు నా చెల్లెలు నిద్రింపదు. తెల్లవారి వాని బండి చప్పుడు వినబడువరకు గుమ్మమున కూర్చుండును. ఆమె మీ ఆలయమునకే వచ్చును. ఉదయమున ప్రసంగము ముగిసిన పిమ్మట ఆమె నాతో, ‘అన్నా, నాకు విశ్వాసము లేదేమో’ అని కంటనీరు పెట్టుకొనెను. నేడు నేను వాదమునకు దిగినది ఆ కన్నీటివలన.

సర్దారు: ఆ మాట ముందే చెప్పియుండినచో నేనింత మాటలాడియుండను. తమ్ముడా, మా యోబు గ్రంథమున ఇరువది యెనిమిదవ అధ్యాయము గనుల అధ్యాయము. జనసంచారమునకు దూరముగా బిలము త్రవ్వి, పైన నడచు పాదములు మరచిన చోట త్రాళ్లపై వ్రేలాడుచు, చీకటికి హద్దు నిలిపి, పర్వతములను మూలములతో పెకలించి, ఊరెడి నీటికి అడ్డుకట్ట వేయు మనుష్యుని అది వర్ణించును. ఎన్ని వేల యేండ్లనాటి వ్రాతయో గాని, చదివినప్పుడెల్ల నాకు మా బాయియే కనబడును. అంత లోతునకు దిగినవాడును వివేకమను లోహమును త్రవ్వి తీయలేడనియు, అగాధమును సముద్రమును అది తమయొద్ద లేదనుచున్నవనియు చెప్పి, కడపట దైవభయమే వివేకమని ముగించును. భయమునకు మందడిగిన మాకు మరియొక భయమునే చూపినదేమని యౌవనమున నేను కోపగించితిని. పిమ్మట సర్దారునైతిని. ఒక షిఫ్టులో కప్పు డొల్లగా పలికినది. బొగ్గు తగ్గునని పైవాడు కన్నెఱ్ఱజేసెను. కూలి పోవునని తోటివారు గొణిగిరి. ఈ చోట పని నడువదని పుస్తకమున వ్రాసి సంతకము చేయుటకు నా చేయి ఆడలేదు. అప్పుడు నాకు తెలిసినది: ఆ కూలీల ప్రాణములకు దేవుని యెదుట నేను జవాబుదారిని. ఆ భయము ముందర పైవాని కోపము చిన్నదైపోయెను. వ్రాసితిని. జాగ్రత్తకు విశ్వాసమేల యని నీవడుగుదువేమో. జాగ్రత్త ఏమి చేయవలెనో చెప్పును. పదిమంది వలదన్నప్పుడు దానిని చేయు బలము నాకు అక్కడనుండి వచ్చినది.

ఇంజనీరు: నేనైతే ఆ బలమును మనస్సాక్షి యందును.

సర్దారు: ఆ పేరుతో పిలిచినను నీవు సంతకము చేయుదువని నేనెరుగుదును, దానికి స్తోత్రము. పేరు విషయమున మన వాదము ఇంకొక ఆదివారమునకు మిగులనిమ్ము. నీ చెల్లెలికి మాత్రము ఈ మాట చెప్పుము: గుమ్మమున కూర్చుండు తల్లిది అవిశ్వాసము కాదు. బిడ్డను ప్రేమించువానికి భయము రాకపోదు. ఆమె ఆ భయమును ఒంటరిగా మోయుచున్నది. తీయవలసిన బరువు అది.

అంతలో వీధి చివరనుండి బండి చప్పుడయినది. మేనల్లుడు భోజనపు డబ్బాతో రాత్రి షిఫ్టునకు పోవుచు, అరుగు చెంత ఆగి ఇరువురికిని నమస్కరించెను. సర్దారు వానికి ఏమియు కాదని చెప్పలేదు. ‘నాయనా, కప్పు తట్టి విను, తొందరపడకు’ అని వాని తలపై చేయి యుంచి, పెదవులు కదలకుండ ఒక నిమిషము నిలిచెను. బండి వెలుతురు మలుపు దాటిపోయెను.

ఇంజనీరు లేచెను. ‘అన్నా, నాకు ప్రార్థన రాదు. ఈ రాత్రి పోయి మా చెల్లెలి చెంత గుమ్మమున కూర్చుందును. వాడు వచ్చువరకు మేల్కొనియుందును’ అనెను.

‘ఆ తోటలో ఆ రాత్రి ప్రభువు తన శిష్యులను అడిగినదియు అదియే, తమ్ముడా, తనతో కూడ ఒక గడియ మేల్కొనియుండుమని. వారు నిద్రపోయిరి,’ అని సర్దారు చేతికర్ర అందుకొనెను. ‘పద, నేనును వచ్చెదను.’